సంచిలో పట్టని మురికి

ఏటా సెప్టెంబరు మూడో శనివారం వచ్చిందంటే ప్రపంచమంతా సముద్రపు ఒడ్లు ఊడుస్తుంది. 1986లో అమెరికాలోని టెక్సస్ తీరాన ఇద్దరు ఆడవాళ్ళు మొదలుపెట్టిన పని అది. వాళ్ళు చెత్త ఏరి ఊరుకోలేదు. ఏరిన ప్రతి ముక్కనూ కార్డు మీద రాయించారు. అది ఏ సరుకు, ఎవరి సరుకు, ఎటు నుంచి కొట్టుకొచ్చింది అని ఆరా తీయడం వాళ్ళ ఉద్దేశం. దేశాలు దాటి మన దాకా వచ్చేసరికి ఆ కార్డు దారిలో ఎక్కడో జారిపోయింది. చీపురూ ఫొటో మాత్రం భద్రంగా చేరాయి.

మహారాష్ట్ర భివండీలోని మా కామత్‌ఘర్‌కు సముద్రం లేదు. లేకపోతే ఏం, ఉత్సాహం ఉంది. వరాలదేవి చెరువుంది. భివండీని ఒరుసుకుంటూ పోయే కామ్‌వారీ నది ఉంది. అది కలిసే ఖాడీ, అంటే సముద్రపు పాయ, ఉంది. ఆ ఖాడీ వసయి దగ్గర అరేబియా సముద్రంలో కలుస్తుంది. కాబట్టి కామత్‌ఘర్ మోరీలో పడేసిన గుట్కా పొట్లం కూడా వీసా, ఏజెంటు, అప్పు ఏమీ లేకుండా దుబాయి దిక్కు బయలుదేరగలదు. మన సిరిసిల్ల, జగిత్యాల పిల్లలకు లేని సౌకర్యం అది.

తీరశుద్ధికి అన్నిటికన్నా ముందు వచ్చేవి టీషర్టులు. చెత్త ఎక్కడుందో ఇంకా ఖాయం కాకముందే టీషర్టు సైజులు ఖాయమవుతాయి. ముందు 'జలమే జీవనం' అని మరాఠీలో, వెనక దాత పేరు. దాత ఒక సేఠ్. ఏ సేఠ్ అని అడక్కండి. మా ఊళ్ళో సేఠ్ అంటే ఒక మనిషి పేరు కాదు. టీషర్టు గుడ్డ పాలిస్టరు. దాన్ని ఉతికిన ప్రతిసారీ కంటికి కనపడని ప్లాస్టిక్ పోగులు రాలి మోరీలో పడతాయి. సముద్రంలోకి నేరుగా చేరే సూక్ష్మ ప్లాస్టిక్‌లో సుమారు 35 శాతం ఇలా కృత్రిమ నూలు బట్టలు ఉతకడం వల్ల వచ్చేదేనని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం 2017లో లెక్క తేల్చింది. అంటే ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి చెమటపట్టిన ఆ టీషర్టును బకెట్లో నానబెట్టడంతో మన వాలంటీరు రెండో విడత సేవ మొదలవుతుంది. ఈసారి సముద్రానికి ఎదురు దిక్కు నుంచి.

తర్వాత ఫ్లెక్సీ. 'ప్లాస్టిక్‌ను తరిమికొడదాం' అన్న మాట ఇరవై అడుగుల ప్లాస్టిక్ మీద తప్ప మనకు కుదరదు. మహారాష్ట్రలో ప్లాస్టిక్ సంచుల మీద నిషేధం 2018లో వచ్చింది, దేశమంతటా ఒకసారి వాడి పారేసే కొన్ని ప్లాస్టిక్ సరుకుల మీద నిషేధం 2022 జూలై 1న వచ్చింది. రెండు నిషేధాలనూ స్వాగతిస్తూ కట్టిన ఫ్లెక్సీలు ఇప్పటికీ ఎక్కడో ఒక నాలాకు అడ్డంపడి తమ వంతు స్వాగతం పలుకుతూనే ఉంటాయి.

ముఖ్య అతిథి ఏడింటికి వస్తానని తొమ్మిదిన్నరకు వస్తాడు. ఈలోగా ఒక చిక్కు వస్తుంది. తెల్లవారుజామున అయిదింటికే కాంట్రాక్టు సఫాయి మనుషులు వచ్చి అలవాటు ప్రకారం చెరువు గట్టు ఊడ్చిపోయారు. వాళ్ళకు అంతర్జాతీయ దినాలు తెలియవు. మస్టరు తెలుసు. శుభ్రంగా ఉన్నచోట శుభ్రం చేయడమెట్లా? ఏదో ఒక మూల నుంచి నాలుగు సంచుల ఆకూ అలమూ తెప్పించి, భేల్‌పురీ బండ్ల దగ్గరి కాగితపు పొట్లాలు కాసిని కలిపి, అతిథి నిలబడే చోట కళాత్మకంగా పరుస్తారు. అతిథి చేతికి కొత్త చీపురు ఇస్తారు. ఆ చీపురుకు ఇంకా ప్లాస్టిక్ తొడుగు తీయలేదు. తీసింది ఎక్కడ వేశారో నేను చెప్పను. మీరు ఊహించగలరు.

ఆయన మూడుసార్లు ఊడుస్తాడు. ఒకటి ఎడమవైపు కెమెరాకు, ఒకటి కుడివైపు కెమెరాకు, మూడోది డ్రోన్‌కు. తర్వాత ప్రసంగం. నది మన తల్లి, చెరువు మన చెల్లి, నీరు మన నాడి. వేదిక ముందు నీళ్ళ సీసాలు, ఒక్కో వాలంటీరుకు రెండు చొప్పున. నీళ్ళను కాపాడటానికి వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇవ్వకపోతే ఎలా?

చివరికి తూకం. ఎన్ని సంచులు, ఎన్ని కిలోలు. ఈ తూకం దగ్గరే మన తీరశుద్ధి గుట్టంతా ఉంది.

చెరువులో, నదిలో తూకానికి వచ్చేది ఎంత? పాల పాకెట్లు, థర్మకోల్, చెప్పులు, పూజ కవర్లు, గుర్రపుడెక్క. అసలు సరుకు తూకానికి రాదు. భివండీ మగ్గాల ఊరు. దేశంలోని మరమగ్గాల్లో మూడో వంతు దాకా ఇక్కడే ఉన్నాయంటారు. మన పద్మశాలీలు నల్లగొండ, వరంగల్, కరీంనగర్, పాలమూరు నుంచి తరతరాలుగా వచ్చి పద్మానగర్, కామత్‌ఘర్ నింపింది సాంచాలనే ఈ మరమగ్గాల కోసమే. సాంచా మీద పడుగు పోగు తెగకుండా ఉండాలంటే ముందు దానికి గంజి పట్టించాలి. అదే సైజింగ్. బట్ట నేసినాక ఆ గంజి పోతే గాని రంగు పట్టదు. కాబట్టి ప్రాసెస్ హౌసులో ఆ గంజినంతా కడిగేస్తారు. బట్టల పరిశ్రమ నీటిలో వదిలే సేంద్రియ భారంలో సగం దాకా ఈ గంజి కడుగుడుదే. ఆ తర్వాత కాస్టిక్, బ్లీచింగ్, అద్దకం, ఉప్పు, రంగు.

గంజి విషం కాదు కదా అంటారు సేఠ్‌లు. నిజమే, మన తాతలు గంజి తాగే బతికారు. నదిలో సూక్ష్మజీవులు కూడా గంజి తాగి బతుకుతాయి, కడుపునిండా తాగి వేలల్లో లక్షల్లో పెరుగుతాయి. అవి పెరగడానికి నీటిలో కరిగున్న ఆక్సిజన్ కావాలి. మొత్తం అవే పీల్చేస్తే చేపకు మిగిలేది ఏముంది? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్కలో లీటరు నీటికి జీవరసాయన ఆక్సిజన్ డిమాండు 3 మిల్లీగ్రాములు దాటితే ఆ నది పట్టు కలుషితం కింద లెక్క. 2022 నివేదికలో దేశం మొత్తం మీద అలాంటి నది పట్టులు 311. వాటిలో 55 ఒక్క మహారాష్ట్రవే, అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ. ఈ రంగంలో మన ఏలికలు ఎవరికీ మొదటి స్థానం వదులుకోలేదు. గుజరాత్‌కు కూడా.

మా పేటలో నలభై ఏళ్ళుగా సాంచాలు నడిపి ఇప్పుడు జాబరుగా (మగ్గాల మేస్త్రీగా) ఉన్న ఒక మామను, "మామా, నువ్వూ ఒక టీషర్టు తొడుక్కుని రారాదా?" అని అడిగితే ఆయన చెప్పిన జవాబు ఇది: "బిడ్డా, గా సంచిల నురగ వడ్తదా? వట్టది. వట్టనిదానికి బరువుండది. బరువు లేనిదానికి ఫొటో ఉండది. మీరు ఏరుకోండ్రి, నాకు పాలీ (షిఫ్టు) ఉన్నది." పర్యావరణం మీద ఇంతకన్నా పొందికైన ప్రసంగం ఏ వేదిక మీదా నేను వినలేదు.

ఒడ్డు ఊడ్చే ఉద్యమానికి ఇదే సుఖం. ఊడిస్తే ఎవడికీ కోపం రాదు. బిస్కెట్ కవరు ఎవరిది అంటే జవాబు 'జనానిది'. జనం అంటే ఎవరూ కాదు. రాత్రి రెండింటికి నాలాలోకి వదిలిన నల్లనీళ్ళు ఎవరివి అంటే జవాబుకు ఒక గేటు ఉంటుంది, గేటుకు ఒక నంబరు, నంబరుకు ఒక సేఠ్, సేఠ్‌కు ఒక భావూ (గల్లీ నాయకుడు), ఆ భావూ ఫొటోయే ఫ్లెక్సీ మీద అందరికన్నా పెద్దది. అందుకని మన నిర్వాహకులు తెలివిగా ఘనపదార్థాల దగ్గరే ఆగిపోతారు. ద్రవపదార్థాలు రాజకీయం.

సేఠ్‌లను అని ఊరుకుంటే మాత్రం అది సగం నిజం. నదుల్లోకి మురికి వదలడంలో ఏ సేఠ్ కూడా మునిసిపాలిటీతో పోటీపడలేడు. 2021లో కేంద్ర కాలుష్య మండలి వేసిన లెక్క ప్రకారం దేశంలోని పట్టణాల్లో రోజుకు పుట్టే మురుగునీరు 72,368 మిలియన్ లీటర్లు. నిజంగా శుద్ధి అవుతున్నది 20,236 మిలియన్ లీటర్లు. తక్కినది, అంటే నూటికి డెబ్భై రెండు పాళ్ళు, ఉన్నది ఉన్నట్టుగా వాగుల్లోకి, చెరువుల్లోకి, నదుల్లోకి. మునిసిపాలిటీ ఎడమచేత్తో పైపు తిప్పుతుంది, కుడిచేత్తో 'నదిని కాపాడండి' అని మనకు చీపురు అందిస్తుంది. రెండు చేతులకూ జీతం ఇచ్చేది మాత్రం మన ఇంటిపన్నే.

పక్కనున్న ఉల్హాస్, వాల్ధునీ నదుల సంగతి చూడండి. వనశక్తి అనే సంస్థ చీపురు పక్కన పెట్టి కాగితాలు పట్టుకుని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయింది. 2015 జూలైలో ట్రిబ్యునల్ అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రాల మీద, స్థానిక సంస్థల మీద కలిపి 95 కోట్ల రూపాయల భారం మోపింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా నడిచింది. అప్పుడు చూడాలి హడావుడి. ఎన్నో ఏళ్ళ చీపుర్లకు కదలని కుర్చీలు ఒక్క కాగితానికి కదిలాయి. అలాగని ఉల్హాస్ గంగాజలం అయిపోయిందని నేను అనను. కుర్చీలు కదలడం వేరు, నీళ్ళు తేరుకోవడం వేరు. కానీ దేనికి ఉలిక్కిపడతారో మాత్రం తెలిసిపోయింది.

ప్రభుత్వం కూడా చేతులు ముడుచుకు కూర్చోలేదు. 2022 గాంధీ జయంతినాడు సేవాగ్రామ్‌లో 'చలా జాణూయా నదీలా' మొదలుపెట్టింది. రండి, నదిని తెలుసుకుందాం అని. మేము రానక్కర్లేకుండానే నది తన్ను తాను తెలియజేసుకుంటోంది, మే నెలలో సాయంత్రం పూట గాలి ఇటు తిరిగితే చాలు. మరుసటి ఏడు, 2023 అక్టోబరు 1న, దేశమంతటా 'ఒక తేదీ, ఒక గంట'. పొద్దున పదింటికి ఒక గంట శ్రమదానం. ఏడాదికి 8,760 గంటలు. ఒక గంట మనకు, తక్కిన 8,759 గంటలు మురికి వదిలేవాళ్ళకు. పంపకం ఎంత న్యాయంగా ఉందో చూశారా! భివండీలో సాంచా నడిపేవాడు పన్నెండు గంటల పాలీ చేస్తాడు, వాడికి ఒక గంట పని అంటే నవ్వొస్తుంది.

ఇక్కడ నిజమైన వాలంటీర్లకు నా ముందస్తు క్షమాపణ, ఎందుకంటే వాళ్ళు ఉన్నారు. మన పక్కనే, ముంబయి వెర్సోవాలో అఫ్రోజ్ షా అనే వకీలు 2015 అక్టోబరులో, 84 ఏళ్ళ పొరుగింటి పెద్దాయన హర్బన్ష్ మాథుర్‌తో కలిసి ఇద్దరే ఇద్దరు ఒడ్డుకు దిగారు. అతిథి లేడు, టీషర్టు లేదు. వారం వారం, ఏళ్ళ తరబడి చేశారు. పక్క బస్తీలో మరుగుదొడ్లు తానే కడిగి, ఆ తర్వాతే జనాన్ని సాయం అడిగాడు. 2016లో ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. 2017 నవంబరులో ఎత్తిన చెత్తను తీసుకుపోయే నాథుడు లేక, పైగా గూండాల తిట్లు భరించలేక, పని ఆపేస్తున్నానని ప్రకటించాల్సి వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాడు. 2018 మార్చిలో దాదాపు ఇరవై ఏళ్ళ తర్వాత ఆ ఇసుకలో ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు కళ్ళు తెరిచి సముద్రంలోకి పాకాయి. అయితే ఆయన చేసిన అసలు పని ఆ తర్వాతది. ఒడ్డున ఎంత ఏరినా అల మళ్ళీ తెచ్చి పోస్తోందని, చెత్త వచ్చే దారి పట్టుకుని మీఠీ నదిలోకి వెళ్ళాడు. మనవాళ్ళు ఆయన నుంచి నేర్చుకున్నది చేతి తొడుగులు ఎలా వేసుకోవాలో అంతవరకే. దారి పట్టుకుని ఎగువకు పోవడం అన్న పాఠం వచ్చేసరికి అందరికీ ఏదో పెళ్ళి పిలుపు ఉంటుంది.

మన తెలుగువాళ్ళ మాట కూడా చెప్పకపోతే కలం ఊరుకోదు. వరాలదేవి చెరువు ఊళ్ళో కొంత భాగానికి తాగునీరు కూడా ఇచ్చిన తల్లి. దాని గట్టునే మన ఆడబిడ్డలు బతుకమ్మ ఆడతారు. తంగేడు, గునుగు, బంతి నీళ్ళలో వేస్తే నీళ్ళకు నొప్పి లేదు, పువ్వు కుళ్ళి మట్టి అవుతుంది. అదే నీళ్ళలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ గణపతి కరగడు, రంగు మాత్రం వదులుతాడు. 2020లో కేంద్ర కాలుష్య మండలి వద్దంది. కోర్టుల్లో వాదోపవాదాలు నడిచి నడిచి 2025 జూలైలో బొంబాయి హైకోర్టు దగ్గర ఒక మధ్యేమార్గం వచ్చింది. ఆరడుగుల లోపు ప్లాస్టర్ విగ్రహాలు కృత్రిమ తొట్లలోనే, అంతకు మించిన ఎత్తువాటికి 2026 మార్చి దాకా సహజ జలాల్లోనూ సడలింపు ఇచ్చారు. చిన్న దేవుడికి తొట్టి, పెద్ద దేవుడికి చెరువు. కారుకు ఫుట్‌పాత్ మీద ఉన్న హక్కు లాంటిదే ఇది. మన గణేశ్ మండళ్ళవాళ్ళు కొలబద్ద పట్టుకుని ఆరడుగుల ఒక అంగుళానికి ఆర్డరిచ్చి ఉంటే ఆశ్చర్యపోకండి. మళ్ళీ మరుసటి ఆదివారం అదే మండలి పిల్లలే టీషర్టులు తొడుక్కుని విరిగిన చేతులూ తొండాలూ ఏరడానికి వస్తారు. పుణ్యం రెండుసార్లు.

ఇంకోటి. సేఠ్ అనగానే మనకు మార్వాడీయో గుజరాతీయో కళ్ళముందు కదులుతాడు. నాలుగు సాంచాలతో మొదలై నలభై సాంచాలకు ఎదిగిన మనవాళ్ళూ ఉన్నారు, వాళ్ళలో డైయింగ్‌లో వాటా ఉన్నవాళ్ళూ ఉంటారు. సమాజం సభలో శాలువా కప్పేటప్పుడు మనం వాళ్ళ నాలా ఏ రంగులో పారుతుందో అడగం. అడిగితే శాలువాలకు చందా ఎవరిస్తారు?

అడిగినప్పుడు వచ్చే జవాబు ఒకటుంది. "కాలుష్యం కాలుష్యం అని మూయిస్తే సాంచాలు ఆగుతాయి, మీ పిల్లల నోటికాడి కూడు పోతుంది." ఈ మాటను నేను వెక్కిరించను. మీటరుకు ఇన్ని పైసలని లెక్కగట్టి కూలి తీసుకునేవాడికి ఒక వారం బంద్ అంటే బిస్సీలో, అంటే భోజనాల మెస్సులో, అప్పు. తిరుపూరులో 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు ఏడువందలకు పైగా అద్దకపు యూనిట్లను ఒక్కసారిగా మూయించింది. నొయ్యల్ నది రైతులు పదేళ్ళకు పైగా మొత్తుకున్నా ఎవరూ వినకపోతే ఆ పరిస్థితి వచ్చింది. నష్టపోయింది ముందు కూలీలే. చుక్క నీరు బయటకు వదలకుండా శుద్ధి చేసి తిరిగి వాడుకునే పద్ధతి ఆ దెబ్బతోనే అక్కడ గట్టిగా వేళ్ళూనుకుంది. ఖర్చు ఎక్కువే, ఏడ్చారు, కట్టారు, ఇప్పటికీ తిరుపూరు నుంచి బనియన్లు ప్రపంచమంతా పోతూనే ఉన్నాయి. కోర్టు తాళం వేసేదాకా ఆగితే కూలి మునుగుతాడు, ముందే శుద్ధి కేంద్రం కడితే సేఠ్ లాభం కాస్త తగ్గుతుంది. ఈ రెంటిలో ఏది జరగాలో తేల్చే సభకు కూలివాణ్ణి ఎప్పుడూ పిలవరు. సేఠ్ తన లాభాన్ని కాపాడుకోవడానికి మాత్రం కూలివాడి కూడును ముందుకు నెడతాడు.

కాబట్టి టీషర్టు తొడుక్కున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఆ పని మానేయమని అనను. ఏరండి. ఏరినదాన్ని రాసుకోండి, ఏ కంపెనీ కవరు ఎన్ని అని. నాలా ఎక్కడ చెరువులో కలుస్తోందో, ఎక్కడ నదిలో కలుస్తోందో ఒకరోజు కెమెరాను అటు తిప్పండి. కాలుష్య మండలి ఏ యూనిట్‌కు ఎన్ని లీటర్లు వదలడానికి అనుమతిచ్చిందో, ఆఖరిసారి నమూనా ఎప్పుడు తీసిందో, ఫలితం ఏమొచ్చిందో సమాచార హక్కు కింద అడగండి. మునిసిపాలిటీ మురుగు శుద్ధి కేంద్రంలో రోజుకు ఎన్ని లీటర్లు వస్తున్నాయో, ఎన్ని లీటర్లు శుద్ధి అయి పోతున్నాయో అడగండి. భావూకు కోపం వస్తుంది. వస్తే మీరు దారిలోనే ఉన్నట్టు.

నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. 1988లో దానికి ఒక సవరణ చేశారు, దాని గురించి ఏ వేదిక మీదా ఎవరూ చెప్పరు. అధికారులకు అరవై రోజుల నోటీసు ఇచ్చి, వాళ్ళు కదలకపోతే, ఎవరైనా సరే, మామూలు పౌరుడే నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. ట్రిబ్యునల్ దారి కూడా ఉంది: మహారాష్ట్ర కేసులు వినే హరిత ట్రిబ్యునల్ బెంచి పుణెలో ఉంది, కామత్‌ఘర్ నుంచి నాలుగైదు గంటల ప్రయాణం. ఈ వారమే ఆ నోటీసు రాయండి, సంతకానికి జాబరు మామను కూడా పిలవండి.